గబ్బిలాలకు తాళం అడ్డం కాదు

పేట రాతలు – 17

గుత్తి, పామిడి, తాడిపత్రి వైపు పాత పేటల్లో తిరిగినోళ్లకు ఈ కట్టడం తెలిసే ఉంటుంది. రాతిగోడలు, పైన బండలు పరిచిన మిద్దె, కమాను కిటికీ, తలుపుకి తుప్పుపట్టిన తాళం. లోపల విరిగిన బెంచీలు, వానకు తడవకుండా ఎవరో తెచ్చి వేసుకున్న శెనక్కాయ కట్టె. గంట వేలాడిన చోట కొక్కెం మిగిలింది, గంట లేదు. ఊళ్లోవాళ్లు దాన్ని మాలోళ్ల గుడి అంటారు. మనవాళ్లు పాత గుడి అంటారు. మరి కొత్తది ఎక్కడుందని అడిగితే కాలనీ చివర రేకుల షెడ్డు చూపిస్తారు. లేదంటే బెంగుళూరు వైపు చూపిస్తారు.

ఆ పాత గుడిని శుభ్రం చేసి చదువుకునే గదిగా, పేట జనం కూర్చునే చావడిగా మార్చుకుందామనే మాట డిగ్రీ చదివే పిల్లల నోట ఈమధ్య తరచుగా వింటున్నాను. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే పిల్లలకు ఇంట్లో చోటు ఉండదు. ఒక గది, ఒక బల్బు, ఆరుగురు మనుషులు, ఒక టీవీ. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేస్తే, పేట నుంచి దరఖాస్తు పెట్టిన ఆడపిల్ల ఎక్కడ కూర్చుని చదివింది? అనంతపురంలో హాస్టలుకు, రీడింగ్ రూముకు డబ్బు కట్టగలిగినోళ్లు అక్కడికి పోయారు. మిగతావాళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు మెట్ల మీద కూర్చున్నారు. కూతవేటు దూరంలో నాలుగు గోడలున్న కట్టడం తాళం వేసి ఉంది.

నేను ఆ పిల్లల పక్షం. తెరవండి అనే అంటాను. అయితే తెరిచే హడావుడిలో స్థలం కాగితం చేయి మారిందంటే గుడీ పోతుంది, గదీ పోతుంది. ఈ భాగమంతా ఆ కాగితం గురించే.

ముందు పెద్దవాళ్ల బాధ మాట్లాడుకుందాం. గుడిని బడి చేస్తే మైలపడుతుందని కొందరు అవ్వలు నొచ్చుకుంటారు. పెళ్లి అక్కడే అయింది, బిడ్డకు పేరు అక్కడే పెట్టారు, మొగుడి శవపేటిక అక్కడి నుంచే లేచింది. ఆ బాధను ఎగతాళి చేసే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ అవ్వలనే కాసేపు కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతి అడిగి చూడండి. లండన్ మిషన్ పల్లెల్లో కట్టినవి చాలావరకు బడిగుడులే. పగలు పలకలు, పొద్దుగూకినాక ప్రార్థన. అక్షరం చెప్పేదీ వాక్యం చెప్పేదీ ఒకే ఉపదేశి. ఊరి బడి అరుగు మీదికి మన పిల్లల్ని రానివ్వని రోజులవి. విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చింది 1969లో. ఆర్‌డీటీ బడులు ఆ తర్వాతి మాట. అంతకు ముందు చాలా పేటల్లో అక్షరం దొరికింది ఈ మిద్దె కిందే. ఊరి చావడిలో మనకు కూర్చునే హక్కు లేదు గనక తగువు తీర్చుకునే చోటు కూడా ఇదే అయింది. పిల్లలు అడుగుతున్నది కొత్త వాడకం కాదు, పాతదే.

ఇప్పుడు ఆ స్థలం ఎవరిదనే లెక్కకొద్దాం. విద్యార్థులు దీన్ని కొంచెం ఓపిగ్గా చదవాలి.

లండన్ మిషనరీ సొసైటీ పుట్టింది 1795లో. బళ్లారికి వచ్చింది 1810లో. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, మనం 1882 దాకా బళ్లారి జిల్లాలోనే ఉన్నాం. బళ్లారి నుంచి గుత్తికి, తర్వాత అనంతపురానికి వాళ్ల పని పాకింది. ఆ సొసైటీ 1796లోనే ఒక మూలసూత్రం రాసుకుంది. పంపించే సంఘాల పద్ధతిని ఎవరి నెత్తినా రుద్దకూడదు, ఎక్కడ ఏ జనం చేరితే ఆ జనమే తమ సంఘం ఎలా నడవాలో తేల్చుకోవాలి అని. దాన్ని నడిపినవాళ్లలో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ శాఖవాళ్లు. ఏ ఊరి సంఘం ఆ ఊరి సంఘానిదే, పైన పెత్తనం లేదు అనేది ఆ శాఖ ప్రాణం. వినడానికి ఎంత బాగుందో చూడండి. మన పేట గుడి మన పేట మాట మీద నడవాలని లండన్‌లో కూర్చున్నవాళ్లు రెండు వందల ఏళ్ల కిందటే ఒప్పుకున్నారు.

నడిచింది వేరేగా. దొర వెళ్లాక అధికారం కిందికి దిగలేదు, పక్కకు జరిగింది. 1908లో దక్షిణ భారత ఐక్య సంఘం ఏర్పడింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ ఏర్పడింది. ఆస్తులు పెట్టుకోవడానికి అదే ఏడాది కంపెనీల చట్టం కింద సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ రిజిస్టరైంది. అవును, కంపెనీయే. మీ అవ్వ నీళ్లు మోసి కట్టిన గుడికి దస్తావేజు అంటూ ఉంటే అది చాలాచోట్ల చెన్నైలో ఆఫీసున్న ఒక కంపెనీ పేరు మీద ఉంటుంది. మధ్యలో పాస్టరేటు కమిటీ, దాని పైన కడపలో రాయలసీమ డయాసిస్. గుమ్మం మీద పెచ్చులూడితే పూయించడానికి కూడా ఇన్ని మెట్లు ఎక్కాలి.

దస్తావేజు అంటూ ఉంటే అన్నాను. లేనివీ చాలా ఉంటాయి. ఎవరో నోటిమాట మీద ఇచ్చిన చోటు, గ్రామకంఠంలో కట్టుకున్నది, పోరంబోకు, డీ పట్టా. ఒక్కోదానికి ఒక్కో దారి. అందుకని చీపురు పట్టుకోకముందే తహసీల్దారు ఆఫీసుకు పోవాలి. 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వే మీ ఊళ్లో అయిపోయి ఉంటే ఆ స్థలం ఎదుట ఎవరి పేరు రాశారో చూడాలి. సర్వేవాళ్లు వచ్చినప్పుడు రైతు తన గట్టు మీద నిలబడ్డాడు. పాత గుడి ముందు ఎవరు నిలబడ్డారు? ఇది మాది అనడానికి పేటలో ఎందుకు నోరు రాలేదు? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ఎన్ని కమిటీలు వేసినా ఆ గది నిలవదు.

నోరు రాకపోవడానికి కారణం భయం. ఆ భయానికి ఒక తేదీ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. హిందూ మతం కాకుండా వేరే మతం పాటించేవాడు ఎస్సీ కాడు అని ఆ పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవుడికి, ముస్లింకు తలుపు అలాగే మూసి ఉంది. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీ బీసీ-సీ అవుతాడు. ఆ గ్రూపుకు ఒక్క శాతం రిజర్వేషన్. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమని చెప్పింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి పంపింది. తీర్మానాలకేం, పోతూనే ఉంటాయి. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసులో, క్రైస్తవం తీసుకున్నవాడికి ఎస్సీ హోదా మిగలదు గనక ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా ఉండదంది. చేతిలో సర్టిఫికెట్ ఉన్నా సరే అంది. 1977 నాటి జీవో 341 ఇచ్చే రాయితీలు వేరే సంగతి, అవి దీనికి అక్కరకు రావు.

కులం పేరుతో తిట్టేవాడు ముందు నువ్వు ఏ గుడికి పోతావని అడిగి తిట్టడు. బోరు దగ్గర బిందె తన్నేటప్పుడు బైబిల్ ఉందా అని చూడడు. ఆ సంగతి న్యాయమూర్తులకు తెలియాల్సింది, మా అవ్వకు తెలుసు.

ఈ ఉత్తర్వు పేటలో ఎలా పనిచేస్తుందో చూడండి. మీసేవలో ఎస్సీ సర్టిఫికెట్ తీసుకున్న అబ్బాయి పాత గుడి కమిటీలో పేరు పెట్టడానికి వెనకాడతాడు. 1993 చట్టం కింద ఎవడైనా ఒక ఫొటో జతచేసి కలెక్టరుకు అర్జీ పెడితే, ఉద్యోగం వచ్చిన పదేళ్లకు కూడా విచారణకు పిలుస్తారు. అందుకే ఆదివారం గుడికి పోయే మనిషి సోమవారం ఆ గుడి తనది కాదన్నట్టు నడుచుకుంటాడు. వాడిని పిరికివాడనలేను. వాడి చెల్లెలి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కాగితం మీద ఆధారపడి ఉంది. కానీ ఇరవై ఇళ్లు ఇలా పక్కకు తప్పుకుంటే ఆ రాతిగోడలు రికార్డులో అనాథలవుతాయి. అనాథ స్థలానికి ఊళ్లో బంధువులు తొందరగా పుడతారు.

ఇక గుడి ఖాళీ కావడానికి మిగతా కారణాలు మీకు తెలిసినవే. ఒక్క అయ్యగారికి అన్ని ఊళ్లు, మా ఊరి వంతు ఎప్పుడో. రేకుల షెడ్డులో మైకు పెట్టి రాత్రంతా పాడే కొత్త సంఘాలు. అంబేడ్కర్ని చదివి దేవుణ్ణే వదిలేసిన మాలాంటి వాళ్లు. అన్నిటికీ మించి కరువు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేల మీద, శెనక్కాయ ఎండిపోయిన ఏడు పేట మొత్తం బెంగుళూరికో కేరళకో నడుస్తుంది. ఉపాధి హామీ దేశంలో మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అయినా బస్సులు ఖాళీగా పోలేదు. యూరప్‌లో కూడా గుళ్లు మూతపడుతున్నాయి, నిజమే. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఏడు వందల ఏళ్ల నాటి డొమినికన్ చర్చిని 2006లో పుస్తకాల షాపు చేశారు, చూడ్డానికి జనం విమానాలెక్కి పోతారు. అక్కడ నమ్మకం తగ్గి గుడి ఖాళీ అయింది. మన దగ్గర కూలి కోసం ఖాళీ అయింది. పండక్కి వచ్చినప్పుడు ఆ మనుషులు ఇంకా ఆ గోడకు సున్నం కొట్టే పోతారు.

ఈ దేశంలో ఒక గుడి వేరే పనికి మారిన కథల్లో పెద్దది కేరళలోని తుంబాది. తిరువనంతపురం దగ్గర జాలర్ల ఊరు. భూమి అయస్కాంత రేఖ ఆ ఊరి మీదుగా పోతుంది, రాకెట్లు ఎగరేయడానికి ఆ చోటు కావాలి. విక్రమ్ సారాభాయ్ వెళ్లి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాను అడిగాడు. అక్కడ మేరీ మాగ్దలీన్ చర్చి ఉంది. అది తాళం పడిన గుడి కాదు, జనం ఉన్న గుడి. బిషప్ ఆ సంగతిని ఆదివారం ఆరాధనలో జనం ముందు పెట్టి అడిగాడని కలాం రాసుకున్నాడు. జనం ఒప్పుకున్నారు. చర్చిలో రాకెట్ భాగాలు బిగించారు, బిషప్ ఇల్లు ఆఫీసయింది. 1963 నవంబర్ 21న మొదటి రాకెట్ లేచింది. ఇవాళ ఆ చర్చి అంతరిక్ష మ్యూజియం. జాలర్లు వేరే చోటికి తరలిపోయారు.

ఈ కథను మనకు జాతీయ సమైక్యత పాఠంగా చెబుతారు. నేను దాన్ని రెండు రకాలుగా చదువుతాను. ఇవ్వమని అడిగింది చేపలు పట్టేవాళ్లను, లేచిపోయింది చేపలు పట్టేవాళ్లు. ఏ రాజుగారి గుడినో ఇలా అడిగేవారా అన్న అనుమానం నాకు పోదు. అదే సమయంలో, ఆ బిషప్ జనాన్ని అడిగాడు. కాగితం ఆయన చేతిలోనే ఉంది, గదిలో కూర్చుని సంతకం పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. గుడి భవిష్యత్తును ఆదివారం నాడు జనం మధ్య తేల్చాలన్న ఆ ఒక్క పద్ధతిని మనం తీసుకోవాలి. మన పేటల్లో గుడి ముందున్న ఖాళీ స్థలం ఎవరికో లీజుకు పోయిన సంగతి జనానికి పునాదులు తవ్వేటప్పుడు గదా తెలిసేది.

ఇప్పుడు పిల్లలు పడే తొందర దగ్గరికి వస్తాను. "అన్నా, పంచాయతీకి రాసిచ్చేద్దాం, సబ్‌ప్లాన్ నిధులతో కమ్యూనిటీ హాలు కట్టిస్తారు" అంటారు. 2013 సబ్‌ప్లాన్ చట్టం మనం కొట్లాడి తెచ్చుకున్నదే, కాదనను. కానీ ప్రభుత్వ డబ్బు పడాలంటే స్థలం ప్రభుత్వ పేరున ఉండాలని అడుగుతారు. రాసిచ్చిన రోజు నుంచి అది పేటది కాదు, పంచాయతీది. తాళం కార్యదర్శి దగ్గరో సర్పంచి భర్త దగ్గరో ఉంటుంది. అంబేడ్కర్ భవనాలు, ఎస్సీ కమ్యూనిటీ హాళ్లు ఎన్నిట్లో సిమెంటు బస్తాలు, ఎరువుల మూటలు ఉన్నాయో మీ మండలంలో మీరే తిరిగి లెక్కపెట్టండి. ఒక తాళం ఊడదీసి ఇంకో తాళం వేయించుకోవడానికి ఇంత కష్టం దేనికి?

రెండో దారి ఇంకా నున్నగా ఉంటుంది. దళితవాడల్లో టీటీడీ శ్రీవాణి నిధులతో గుళ్లు కడుతున్నారు. పాడుబడిన చర్చి ఉంది, స్థలం ఉంది, పేటలో సగం మంది రికార్డులో హిందువులు, ఇక్కడే కట్టేద్దాం అని ఎవరో పెద్దమనిషి అంటాడు. అనేలోపే మీ దగ్గర జవాబు ఉండాలి. 1991 ప్రార్థనా స్థలాల చట్టం సెక్షన్ 3 ప్రకారం ఒక మతం ప్రార్థనా స్థలాన్ని వేరే మతం ప్రార్థనా స్థలంగా మార్చడం నేరం. సెక్షన్ 4 అయితే 1947 ఆగస్టు 15న ఏ స్వభావంతో ఉందో అదే కొనసాగాలంటుంది. చదువుకునే గదిని సెక్షన్ 3 అడ్డుకోదు. సెక్షన్ 4 మాట ఏమిటని వకీలును అడిగితే, ప్రార్థన పూర్తిగా ఎత్తేయకుండా ఉంచుకోవడమే క్షేమం అంటాడని నా అంచనా. ఆ అంచనా నాకు వేరే కారణంతో కూడా నచ్చుతుంది.

శిలువ తీసేయాలా అని పోయిన నెల కుర్రాళ్లలో వాదన నడిచింది. బౌద్ధం తీసుకున్న తమ్ముడొకడు గట్టిగా తీసేయాలన్నాడు. నేను ఒద్దన్నాను. ఆదివారం పొద్దున ఇద్దరు అవ్వలు వచ్చి మోకరిస్తే మీ రీజనింగ్ బిట్లకు వచ్చే నష్టమేమీ లేదు. పక్కగోడకు బాబాసాహెబ్ ఫొటో పెట్టుకోండి, ఎదుటిగోడ వాళ్లది. ఆ అవ్వలు ఆ గుడిని అన్నేళ్లు వదలకుండా పట్టుకున్నారు గనకే ఇవాళ మీరు మార్చడానికైనా ఒక కట్టడం మిగిలింది. తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గర ఉండాలి, ఒకటి చదివే ఆడపిల్లల దగ్గర ఉండాలి. మగపిల్లల దగ్గర రెండోది వద్దంటాను. సాయంత్రం ఏడు దాటాక ఆ గది పేకాట గదిగా ఎలా మారుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మాట, మనలో మనకు. జాషువా 1941లో 'గబ్బిలం' తెచ్చాడు. ఆ కావ్యంలో అరుంధతీసుతుడికి శివుడి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకని దానిచేత కబురు పంపుతాడు. మన పాత గుళ్ల నిండా ఇప్పుడు గబ్బిలాలే. తాళం వాటికి అడ్డం కాలేదు. తలుపు తెరిచాక ఆ అరుంధతీసుతుడు వస్తే మాలపేట గుడిలో బెంచీ మీద చోటిస్తామా? రాయలసీమలో లండన్ మిషన్ సంఘాలు ఎక్కువగా మాలల సంఘాలు. ఒకే దేవుడన్న చోట కూడా మాదిగ కుటుంబం వెనక వరుసలో కూర్చున్న ఊళ్లున్నాయి, లేవనడం అబద్ధం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు ఇచ్చాక ఆ గీత ఇంకా లోతుగా దిగింది. వర్గీకరణ మీద ఎవరి పక్షం వాళ్లది, నా పక్షం ఇంతకు ముందు భాగాల్లో రాశాను. చదువు గదికి మాత్రం ఆ గీత రాకూడదు. కమిటీలో మాదిగవాడ నుంచి, వాళ్లే ఎన్నుకున్న మనుషులు లేకపోతే ఆ గదికి నేను ఒక్క పుస్తకం ఇవ్వను. మెదక్ చర్చి 1914 నుంచి 1924 దాకా కరువులో తిండికి పనిచేసిన కూలీల చేతుల మీద లేచిందని గర్వంగా చెప్పుకుంటాం కదా. కరువు కూలికి పోయినప్పుడు తట్ట మోసేది ఒక్క కులమే కాదు.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఏడుగురు కలిస్తే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద పేట పఠన సంఘం పెట్టుకోవచ్చు. పేరులో మతం మాట ఉండదు. పుస్తకాల సంఘంలో సభ్యుడైతే మతం మారినట్టు కాదు గనక సర్టిఫికెట్ భయం ఉన్న అబ్బాయి కూడా ధైర్యంగా సంతకం పెడతాడు. గుడి డయాసిస్‌ది అయితే అమ్మకం, గిఫ్టు వద్దు. ఇన్నేళ్ల పాటు వాడుకోవడానికి ఆ సంఘానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వమని పాస్టరేటు కమిటీ ద్వారా అడగాలి. 1796 సూత్రాన్ని అర్జీలో మొదటి పేరాలోనే రాయండి, చదివి ఇబ్బంది పడనివ్వండి. కాగితం లేని స్థలమైతే పేట పేరున నమోదు చేయమని తహసీల్దారుకు అర్జీ పెట్టి, రసీదు తీసుకోవాలి. రసీదు లేకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు. కరెంటు మీటరు సంఘం పేరునే ఉండాలి. బిల్లు ఎవరు కడితే గది వాళ్లదని చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఉంటారు.

పుస్తకాలకు డబ్బు ఎక్కడిదంటారా? 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. మన పేట ఇళ్లూ అది కడుతూనే ఉన్నాయి. పంచాయతీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన లెక్క పట్టుకుని గ్రంథాలయ సంస్థకు పోయి, మా పేటకు పుస్తక నిక్షిప్త కేంద్రం కావాలని అడగండి. అది దానం కాదు, మన పైసలే.

మిద్దె బండలు కారుతుంటే మాత్రం ముందు దాని పని చూడండి. సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపి గచ్చు వేసే పెద్దమేస్త్రీలు తాడిపత్రి వైపు ఇంకా ఒకరిద్దరు దొరుకుతారు. పాత రాతిగోడకు సిమెంటు పూయొద్దు, లోపల చెమ్మ నిలిచి గోడ ఉబ్బుతుంది. గబ్బిలాలను పొగపెట్టి చంపొద్దు. సాయంత్రం అవి మేతకు బయటికి పోయాక కన్నాలు మూస్తే వేరే చోటు వెతుక్కుంటాయి. పిల్లలతో ఉండే నెలల్లో ఆ పని వద్దు.

వచ్చే భాగం శ్మశానం దారి గురించి. ఈలోపు మీ పేట పాత గుడి సర్వే నంబరు, అడంగల్ నకలు సంపాదించి దగ్గర పెట్టుకోండి. అది చేతిలో ఉంటే ఆ మాట తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే చాలా ఊళ్లలో రెండు స్థలాలదీ ఒకే నంబరు.

జై భీమ్.